డిమెన్షియా ఉన్న పెద్దవారికి కాలూ చెయ్యీ ఆడుతూ ఉండాలంటే

పొద్దున ఎవరు వచ్చి వెళ్ళారో గుర్తులేని పెద్దావిడ, చేతికి తువ్వాలు అందిస్తే మాత్రం అంచుకి అంచు కలిపి చక్కగా మడత పెట్టేస్తారు. చూసేవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. జరిగిన సంగతుల్ని దాచుకునే హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన ఆల్జైమర్స్ వ్యాధి తొలి దశలోనే దెబ్బ తీస్తుంది. ఏళ్ళ తరబడి చేసి చేసి అలవాటైన కదలికలు మెదడులో వేరే చోట్ల, ముఖ్యంగా బేసల్ గాంగ్లియా, సెరిబెల్లం అనే భాగాల ఆధారంగా నడుస్తాయి. అవి చాలాకాలం నిలబడతాయి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ మిగిలిన బలాన్ని పట్టుకుని చేసేవే.

అయినా చాలామందికి వ్యాధి ఆ చోటికి రాకముందే చేతిపని పోతుంది. తోడున్నవాళ్ళు పని త్వరగా తెమిలిపోవాలని గుండీలు తామే పెట్టేస్తారు, చెంచా తామే నోటికి అందిస్తారు, రెక్క పట్టి లేపేస్తారు. పావుగంట పట్టే పని 2 నిమిషాల్లో అయిపోతుంది. కొన్ని వారాలు ఇలా గడిస్తే ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి తెలియకుండా పోతుంది. వ్యాధి వల్ల కాకుండా వాడకపోవడం వల్ల వచ్చే ఈ నష్టాన్ని అదనపు వైకల్యం అంటారు. వ్యాధిని ఆపడం మన చేతిలో లేదు, దీన్ని తగ్గించడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

డాక్టరుని 3 విషయాలు అడగండి: గుండె, బీపీ పరంగా ఎంత శ్రమ చేయవచ్చు, ఎముకలు ఎంత పెళుసుగా ఉన్నాయి, ఇది ఏ రకం డిమెన్షియా. రకం తెలిస్తే జాగ్రత్తలు మారతాయి. ఆల్జైమర్స్‌లో నడక సాధారణంగా చాలాకాలం బాగానే ఉంటుంది. రక్తనాళాల వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియాలో నడక మొదట్లోనే తడబడవచ్చు. మెదడు కణాల్లో ప్రొటీన్ ముద్దలు పేరుకునే లెవీ బాడీ రకంలో ఒంట్లో బిగుతు, అడుగు నేలకి అతుక్కుపోవడం ఉండవచ్చు. పైగా ఒకే రోజులో ఒక గంట బాగుండి మరో గంట బొత్తిగా చేతకాకుండా ఉంటారు. అలాంటివారు నిన్న చేసిన పని ఇవాళ చేయలేదంటే అది మొండితనం అనుకోకండి.

కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. కాలికి మడమ మూసి ఉండే, అడుగు పలచగా గట్టిగా ఉండే బూట్లు తొడగండి. వదులు స్లిప్పర్లు వద్దు. నేల మీద ముదురు రంగు చాప గానీ పట్టా గానీ ఉంటే తీసేయండి. డిమెన్షియాలో చూపు సరిగ్గా ఉన్నా చూసినదాన్ని మెదడు సరిగ్గా పోల్చుకోదు. నల్ల పట్టా గుంటలా కనిపిస్తుంది, మెరిసే నేల తడిగా కనిపిస్తుంది. వాళ్ళు ఉన్నట్టుండి ఆగి కాలు ఎత్తెత్తి వేస్తుంటే ముందు నేల వంక చూడండి.

ఒళ్ళు నొప్పి ఉందని వాళ్ళు చెప్పలేకపోవచ్చు. ముఖం ముడుచుకోవడం, ఒక చేతిని దాచుకోవడం, ఏదైనా కీలు తాకగానే విసుక్కోవడం నొప్పికి గుర్తులు. నొప్పి ఉండగా చేయిస్తే ఆ పనికీ నొప్పికీ ముడి పడిపోతుంది. మర్నాడు ఆ వస్తువు చూడగానే వద్దంటారు.

రోజులో వాళ్ళు తేటగా ఉండే సమయాన్ని ఎంచుకోండి. చాలామందికి అది ఉదయం పూట. ఒకేసారి గంట కూర్చోబెట్టడం కంటే 10, 15 నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడు సార్లు చేయించడం మేలు.

బలం లేకనా, దారి తోచకనా?

పని ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో కనిపెట్టకుండా సాయం చేస్తే తప్పు సాయం చేస్తాం. డిమెన్షియాలో తరచూ కనిపించేది అప్రాక్సియా. కండలో బలం ఉంటుంది, చెప్పింది అర్థమవుతుంది, కానీ ఆ కదలికని ఎలా కూర్చాలో మెదడుకి తోచదు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. “తల దువ్వుకోండి” అని చెప్పి చూడండి. చేయలేకపోతే, కాసేపాగి అద్దం ముందు కూర్చోబెట్టి, ఏమీ మాట్లాడకుండా దువ్వెనని చేతికి అందించండి. అప్పుడు చెయ్యి దానంతటదే తల మీదకి వెళ్తే సమస్య బలంలో లేదు. అడిగితే రాని పని సందర్భం చూసి వస్తుంది. అలాంటివారికి మాటలు తగ్గించి, చోటునీ వస్తువునీ సిద్ధం చేసిపెట్టడమే అసలైన సాయం.

దువ్వెన తల మీదకి వెళ్ళి మధ్యలో జారిపోతే అప్పుడు పట్టు, భుజం, నొప్పి చూడాలి. దువ్వెనని తలకిందులుగా పట్టుకున్నా, దానితో పళ్ళు తోముకోబోయినా వస్తువుని పోల్చుకోవడంలోనే తేడా వచ్చిందని అర్థం. అప్పుడు ఒక పనికి ఒక వస్తువే ఎదురుగా ఉంచండి, మిగతావన్నీ తీసేయండి.

సాయంలో మెట్లు

ఎప్పుడూ అతి తక్కువ సాయంతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక్కో మెట్టూ పైకి వెళ్ళండి.

1. వస్తువుని సరైన దిక్కులో పెట్టడం. చెంచా పిడి వాళ్ళ వాడుక చేతివైపు ఉండాలి.
2. ఆగడం. మనసులో 10 వరకు లెక్కపెట్టండి. లెక్కపెట్టకపోతే 3 సెకన్లకే మన నోరు తెరుచుకుంటుంది.
3. ఒక్క మాట. “పట్టుకోండి” అంటే చాలు. అదే మాట మళ్ళీ చెప్పండి కానీ మార్చి చెప్పకండి. మాట మారితే వాళ్ళు మొదటి నుంచి అర్థం చేసుకోవాలి.
4. చేత్తో చూపించడం.
5. పక్కన కూర్చుని మీరూ అదే పని చేయడం. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి.
6. మోచేతి దగ్గర చిన్న తాకిడి.
7. మీ చెయ్యి కింద, వాళ్ళ చెయ్యి పైన ఉంచి కలిసి కదలడం.

ఏడో మెట్టు గురించి కాస్త చెప్పాలి. మనం వాళ్ళ చెయ్యి మీద చెయ్యి వేసి కదిపితే పట్టేసినట్టు ఉంటుంది, గుంజుకుంటారు. మన అరచెయ్యి కింద ఉంటే కదలిక వాళ్ళకి తెలుస్తుంది, వద్దనుకుంటే చెయ్యి తీసుకునే వీలూ ఉంటుంది. చెంచా మన వేళ్ళ మధ్య ఉంటుంది, వాళ్ళ చెయ్యి మన చేతి మీద ఆని ప్రయాణిస్తుంది. రెండు మూడు సార్లయ్యాక దారి దొరికిందనిపిస్తే చెంచాని వాళ్ళ వేళ్ళలోకి మార్చి మన చెయ్యి మెల్లగా జార్చేయవచ్చు.

“అలా కాదు”, “కూర్చోవద్దు” లాంటి మాటలు వాడకండి. “వద్దు” జారిపోయి “కూర్చో” మిగులుతుంది. ఏం చేయాలో అదే చెప్పండి: “నిలబడే ఉండండి”. తప్పు చేయనిచ్చి దిద్దడం కూడా ఇక్కడ పనికిరాదు. దిద్దిన మాట మరిచిపోతారు, తప్పు కదలిక మాత్రం చేతికి అలవాటవుతుంది. అందుకే తప్పు జరిగేలోపే తగినంత సాయం అందించాలి.

ఒక గుండీ, దగ్గరగా

గుండీ పెట్టుకోవడంలో వేళ్ళ పని చాలా ఉంది కాబట్టి దీన్ని వివరంగా చూద్దాం. బల్ల మీద పరిచిన చొక్కాతో సాధన చేయిస్తే ఒంటి మీద గుండీ పెట్టుకోవడం రాదు, ఎందుకంటే దిశ తలకిందులవుతుంది. ఒంటి మీదే చేయించండి. గుండీ 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వెడల్పుతో, చొక్కా రంగుకి కొట్టొచ్చినట్టు వేరుగా ఉండాలి. కాజా కాస్త వదులుగా ఉండాలి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి మోచేతులు ఆనేలా చూడండి. మోచెయ్యి గాల్లో ఉంటే వేళ్ళు వణుకుతాయి.

చొక్కా కింది అంచులు రెండూ సమానంగా కలిపి, కింది గుండీ దగ్గర మొదలుపెట్టండి. మెడ దగ్గరది కంటికి కనిపించదు కాబట్టి అది అన్నిటికన్నా కష్టం, దాన్ని ఆఖరుకి వదిలేయండి.

పనిని చివరి నుంచి నేర్పండి. మొదట మీరే గుండీని సగం దాకా కాజాలోంచి బయటికి తోసి, వాళ్ళని బొటనవేలు, చూపుడువేలితో పట్టి లాగమనండి. పని పూర్తి చేసింది వాళ్ళే అవుతారు, ఆ తృప్తి ముఖంలో కనిపిస్తుంది. వరసగా 5, 6 రోజులు ఇది సాఫీగా జరిగాక, మీరు గుండీ అంచుని మాత్రం కాజాలోకి దూర్చి ఆగండి. తోయడం, లాగడం వాళ్ళవి. ఆ తర్వాత గుండీని కాజాకి చేర్చడం కూడా వాళ్ళకి వదలండి.

ఇక్కడ తరచూ రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. గుండీ బదులు బట్టని పట్టి లాగుతుంటే, వాళ్ళ చూపుడువేలి కొసని గుండీ అంచు మీద ఒక క్షణం ఆనించండి. వేలికి అంచు తగిలితే పట్టు మారుతుంది. రెండోది, పెట్టిన గుండీనే మళ్ళీ మళ్ళీ తడుముతూ ఉండిపోవడం. మెదడు ఆ కదలికని ఆపలేకపోతోందని దీని అర్థం. “అయిపోయింది” అని పదిసార్లు చెప్పినా లాభం లేదు. చేతిని మెల్లగా తీసి తొడ మీద ఒక క్షణం పరిచి, అప్పుడు పై గుండీ దగ్గర పెట్టండి.

కుర్చీలోంచి లేవడం

మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం దిగడం, నడవడం అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఒక్క వ్యాయామానికే వ్యవధి ఉంటే ఇదే చేయించండి.

చేతులున్న, కదలని కుర్చీ తీసుకోండి. కూర్చునే ఎత్తు 43 నుంచి 45 సెంటీమీటర్లు చాలామందికి సరిపోతుంది. కూర్చున్నప్పుడు తుంటి మోకాళ్ళకి సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి. లేవలేకపోతే గట్టి దిండు వేసి 5 సెంటీమీటర్లు పెంచండి. మెత్తటి సోఫా ఈ పనికి పనికిరాదు.

ముందు ఒక తుంటి, తర్వాత మరో తుంటి జరుపుతూ కుర్చీ అంచుకి రావాలి. పాదాలు వెనక్కి లాగి, మడమలు మోకాళ్ళకన్నా కాస్త వెనక ఉండేలా చూడండి. చేతులు కుర్చీ చేతుల మీద ఉండాలి. ఇప్పుడు ముక్కు కాలివేళ్ళ మీదకి వచ్చేంత ముందుకి వంగి, అప్పుడు లేవాలి. ఎక్కువమంది వంగకుండానే లేవబోతారు, అందుకే తిరిగి కూలబడతారు. “ముందుకి వంగండి” అన్న మాట చాలామందికి అందదు. దానికి బదులు వాళ్ళ మోకాళ్ళకి ముందుగా, కాస్త కిందికి మీ అరచెయ్యి చాపి “ఇక్కడ చెయ్యి వేయండి” అనండి. చెయ్యి అందుకోబోతే ఒళ్ళు దానంతటదే ముందుకి వస్తుంది.

చేతులు పట్టి గుంజకండి. గుంజితే వాళ్ళ ఒళ్ళు వెనక్కి వాలుతుంది, బరువంతా మీ నడుం మీద పడుతుంది. చంకల్లో చేతులు వేసి ఎత్తితే భుజం కీలు, అక్కడి నరాలు దెబ్బతింటాయి. పట్టు కావాలంటే నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని వెనక నుంచి పట్టుకోవడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

కూర్చోవడం లేవడమంత ప్రమాదకరమే. వెనక ఉన్న కుర్చీ కంటికి కనిపించదు కాబట్టి సగం తిరిగి గాల్లోనే కూర్చోబోతారు. పిక్కలకి కుర్చీ తగిలేదాకా వెనక్కి రానివ్వండి. కుర్చీ మీద చేత్తో తట్టి చప్పుడు చేయండి, ఆ తర్వాత వాళ్ళ చేతిని కుర్చీ చేతి మీద పెట్టండి. అప్పుడు “కూర్చోండి” అనండి.

రోజుకి 5 సార్లతో మొదలుపెట్టి, తేలికయ్యాక కాసేపు విరామంతో మరో 5 కలపండి. వ్యాయామం అంటే ఒప్పుకోని వాళ్ళకి, ఎప్పుడు లేచినా “ఇంకోసారి కూర్చుని లేద్దాం” అని ఒకటి కలిపితే సాయంత్రానికి ఆ లెక్క దానంతటదే వస్తుంది.

మంచం మీద నుంచి లేపేటప్పుడు 1, 2 నిమిషాలు అంచున కూర్చోనివ్వండి. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే తల తిరిగి పడిపోవచ్చు. కళ్ళు మసకబారినట్టు చూస్తుంటే వెంటనే కూర్చోబెట్టండి. ఇది పదేపదే జరిగితే డాక్టరుకి చెప్పాలి.

నిలకడ, నడక

65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారంలో కనీసం 3 రోజులు నిలకడనీ బలాన్నీ పెంచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డిమెన్షియా ఉన్నవారితో అంత లెక్కకి చేరలేకపోయినా బెంగ పెట్టుకోకండి. 5 నిమిషాల నడక కూడా లెక్కలోకే వస్తుంది.

నిలకడకి వంటగది గట్టు లాంటి కదలని ఆసరా చాలు. దాన్ని పట్టుకుని మడమలు ఎత్తి దించడం 8 నుంచి 10 సార్లు, పక్కకి 5 అడుగులు వేసి మళ్ళీ 5 అడుగులు రావడం, నిలబడిన చోటే అడుగులెత్తడం చేయించండి. వెనక కుర్చీ ఉంచండి.

నడిచేటప్పుడు ఎదురుగా రెండు చేతులూ పట్టుకుని మీరు వెనక్కి నడవకండి. వాళ్ళు మీ మీదకి వాలి వేళ్ళ మీద నడుస్తారు, తూలితే మీరూ పడతారు. బలం తక్కువున్న పక్కన, అర అడుగు వెనకగా నడవండి. మీ ముంజేతిని ఆసరాగా ఇవ్వండి. నడిచేటప్పుడు కబుర్లు వద్దు. 1997లో స్వీడన్‌లో వృద్ధాశ్రమ నివాసులు 58 మందిని గమనించిన అధ్యయనంలో, నడుస్తూ మాట కలపగానే ఆగిపోయినవారు 12 మంది. తర్వాతి 6 నెలల్లో వారిలో 10 మంది పడిపోయారు. మాట్లాడాలంటే ఆగి మాట్లాడండి. పాట మాత్రం వేరు. వాళ్ళ అడుగుకి దగ్గరగా ఉన్న తాళంలో బాగా తెలిసిన పాట పాడితే అడుగు సమంగా పడుతుంది. అడుగు నేలకి అతుక్కుపోయేవారికి నేల మీద అడ్డంగా అతికించిన రంగు పట్టీలు పనికొస్తాయి. గీత దాటాలన్న ఊహతో కాలు లేస్తుంది.

మలుపుల్లో పడే ప్రమాదం ఎక్కువ. ఉన్నచోటే గిరుక్కున తిప్పకుండా, చిన్న చిన్న అడుగులతో విశాలంగా తిప్పండి.

చేతికి పని

పని నిజమైనదిగా ఉండాలి. పిల్లల ఆటవస్తువులు ఇస్తే వ్యాధి ఎంత ముదిరినా చిన్నబుచ్చుకుంటారు. 40 సెంటీమీటర్ల వెడల్పున్న తువ్వాళ్ళు 6 నుంచి 10 ఇచ్చి “ఇవి మడత పెట్టిపెడతారా” అని అడగండి. వాళ్ళు మడిచినవాటిని ఎదురుగానే విప్పి మళ్ళీ ఇవ్వకండి, అది చాలా బాధపెడుతుంది. మడత వంకరగా ఉన్నా అలాగే సర్దేయండి.

బల్ల తుడవడం వల్ల భుజం పూర్తిగా సాగుతుంది. బట్టలకి క్లిప్పులు పెట్టడం బొటనవేలి బలాన్ని నిలుపుతుంది; క్లిప్పు గట్టిగా ఉంటే మెత్తది వెతకండి. పెద్ద నట్టు, బోల్టు బిగించి విప్పడం మణికట్టుకి మంచిది, పనిముట్లతో బతికినవారు దాన్ని ఇష్టంగా పట్టుకుంటారు. ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి నీళ్ళు పోయించేటప్పుడు సగం దాకానే నింపండి. చెంచా, బ్రష్షు పిడులు సన్నగా ఉంటే స్పాంజి చుట్టి సుమారు 3 సెంటీమీటర్ల లావు చేయండి, పట్టుకి శ్రమ తగ్గుతుంది. వస్తువులు నోట్లో పెట్టుకునే దశ వచ్చిందంటే గొంతులో ఇరుక్కునే చిన్నవన్నీ తీసేయండి.

బిగుసుకున్న చెయ్యి

వ్యాధి ముదిరాక చెయ్యి చాపబోతే ఎదురు తన్నుతుంది. దీన్ని పారాటోనియా అంటారు. వాళ్ళు కావాలని చేసేది కాదు. మనం ఎంత వేగంగా కదిపితే అంత బిగుస్తుంది, నిదానిస్తే వదులవుతుంది. చొక్కా తొడిగేటప్పుడు మోచేతి కింద అరచెయ్యి ఆనించి, ఊపిరి రెండుసార్లు తీసుకునేంత సేపు ఆగి, అప్పుడు మెల్లగా కదపండి.

పిడికిలి బిగిస్తే వేళ్ళని ఒక్కొక్కటిగా లాగి విప్పకండి. అరచేతిని తాకిన కొద్దీ పట్టు బిగుస్తుంది. మణికట్టుని లోపలివైపు కొద్దిగా వంచి, చేతి వెనక భాగాన్ని మణికట్టు వైపు నుంచి వేళ్ళ వైపు నిమరండి. వేళ్ళు వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టి బయటికి తీయండి. రోజూ అరచెయ్యి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గోళ్ళు గుచ్చుకున్నాయేమో చూసి, చుట్టిన చిన్న మెత్తటి గుడ్డని చేతిలో ఉంచండి.

వద్దన్నప్పుడు, తగ్గినప్పుడు

వద్దంటే ఆ పూటకి బతిమాలకండి. 20 నిమిషాల తర్వాత, వేరే మాటతో మళ్ళీ రండి. గుండెల్లో నొప్పి, ఆయాసం, తల తిరగడం, ముఖం పాలిపోవడం కనిపిస్తే అక్కడే ఆపి వైద్య సాయం తీసుకోండి.

నెలకోసారి రెండు లెక్కలు రాసుకోండి: 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు, గుండీ ఏ మెట్టు సాయంతో పెట్టుకున్నారు. లెక్క పెరగకపోయినా నిలబడిందంటే పని జరుగుతున్నట్టే. నెలల మీద మెల్లగా తగ్గితే పనిని మానిపించకండి, ఒక మెట్టు సాయం పెంచండి.

ఒకటి రెండు రోజుల్లోనే తగ్గితే మాత్రం అది డిమెన్షియా అని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మందు, ఎవరూ చూడనప్పుడు పడటం, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించండి. ముఖం ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తేడా వచ్చినా క్షణం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి. జ్వరంతో నాలుగు రోజులు మంచం పట్టి లేచిన మనిషిని పాత లెక్క దగ్గర మొదలుపెట్టకండి. దిండు వేసి ఎత్తు పెంచిన కుర్చీలోంచి 2 సార్లు లేవడంతో మొదలుపెట్టి, రోజుకొకటి కలుపుతూ వెళ్ళండి.